మైనస్ 30లో పెరట్లో ఎవరుంటారు?

మంచుకాపు, మిన్నెసోటా:

ఈ వారం ఇక్కడ చలి మామూలుగా లేదు. పొద్దున మైనస్ 29 సెంటీగ్రేడ్ చూపించింది, దానికి గాలి కూడా తోడై బయట అడుగు పెడితే ముఖం మండిపోతోంది, స్కూళ్ళకు సెలవు ఇచ్చేశారు. ఇలాంటప్పుడు మనవాళ్ళందరూ అనే మాట ఒకటే, బయట ఏముంది, అంతా చచ్చిపోయింది, ఏప్రిల్ దాకా చూడ్డానికి ఏమీ లేదు అని. నేను ఒప్పుకోను. పెరట్లో బోలెడు ప్రాణులున్నాయి, కొన్ని అయితే కంటికి ఎదురుగానే ఉన్నాయి.

మా ఫెన్స్ పక్కన గోల్డెన్‌రాడ్ అనే పసుపుపూల మొక్క ఎండు కాడల్ని కొయ్యకుండా వదిలేశాను. వాటిలో కొన్ని కాడల మధ్యలో రెండు సెంటీమీటర్లు దాటిన గుండ్రటి బుడిపె ఉంటుంది. అది మొక్క జబ్బు కాదు, ఒక చిన్న ఈగ కట్టించుకున్న ఇల్లు. మే నెలలో తల్లి ఈగ మొక్క చివరి మొగ్గలో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలికి తొలుచుకుని పోతుంది, దాని నోటి రసానికి కాండం అక్కడ ఉబ్బుతుంది. నిన్న ఒక బుడిపెను కత్తితో జాగ్రత్తగా రెండుగా చీల్చాను. పైన గట్టి తొక్క, లోపల బెండులా తేలికైన తెల్లటి భాగం, సరిగ్గా మధ్యలో చిన్న గది, అందులో మీగడ రంగులో కాళ్ళు లేని లావుపాటి పురుగు. ఒక చివర నోటి దగ్గర నల్లటి చుక్క. గోటితో తడితే టక్కుమంది, అంత గట్టిగా గడ్డకట్టి ఉంది. అరచేతి వేడికి కాసేపటికి మెత్తబడింది, ఆ తర్వాత నెమ్మదిగా ఒళ్ళు ముడుచుకుంది. బతికే ఉంది!

ఇంకో సంగతి, ఆ గది నుంచి పైతొక్క దాకా ఒక సన్నటి సొరంగం కనిపిస్తుంది, తొక్కను మాత్రం చిల్లు పెట్టకుండా వదిలేస్తుంది. ఎందుకంటే వసంతంలో ఈగగా మారాక దానికి కొరికే నోరు ఉండదు. దారి ముందే శరదృతువులో తవ్వి పెట్టుకోవాలి. ఈగ అయ్యాక తలలో నుంచి ఒక తిత్తిలాంటిది ఉబ్బించి ఆ పలుచటి తొక్కను నెట్టుకుని బయటికి వస్తుంది.

మీ పెరళ్ళలో ఈ చలికి ఏం కనిపిస్తోందో రాయండి. ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా.

రాణి_ఎడ్మంటన్:

ఇక్కడ మైనస్ 34 అండీ. మీరు చెప్పిన బుడిపెలు మా ఇంటి వెనక కాలిబాట పొడుగునా ఉన్నాయి. చాలావాటికి చిల్లులు ఉంటాయి, ఆ చిల్లు చూసి ఎవరు తిన్నారో చెప్పొచ్చు. సన్నగా, శుభ్రంగా, లోపలికి వెళ్ళేకొద్దీ ఇరుకయ్యే చిల్లు అయితే డౌనీ వడ్రంగిపిట్ట పని. అది పురుగు తవ్విన సొరంగాన్నే కనిపెట్టి అక్కడే పొడుస్తుంది, కష్టం తగ్గుతుంది కదా. చుట్టూ చీలికలు చీలికలుగా పీకి పెద్ద గొయ్యి చేసి ఉంటే చికడీ. అంత చిన్న పిట్ట, 11, 12 గ్రాముల బరువు, రాత్రి పూట ఒంటి వేడిని 10 డిగ్రీలకు పైగా తగ్గించేసుకుని, పొద్దున లేవగానే తిండికి బయల్దేరుతుంది. వాటికి ఆ పురుగు ఎంత విలువైన ముద్దో ఆలోచించండి. కాడలు కోసేస్తే పురుగు పోతుంది, పిట్టకు తిండీ పోతుంది.

పైరుపచ్చ, న్యూజెర్సీ:

బాబూ, చాలా మంచి చర్చ మొదలుపెట్టావు. వ్యవసాయ శాఖలో పురుగుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నాను. ఈ ఈగ గురించి కీటక శాస్త్రం చదివినవాళ్ళకి బాగా తెలుసు, నాకు దగ్గరగా చూసే భాగ్యం ఇక్కడికి వచ్చాకే కలిగింది.

చలిని తట్టుకోవడానికి పురుగులకు ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, గడ్డకట్టకుండా చూసుకోవడం. రెండోది, గడ్డకట్టినా చావకుండా ఉండటం. నువ్వు చీల్చిన పురుగు రెండో రకం. సెప్టెంబరు నుంచే అది ఒంట్లో గ్లిసరాల్ తయారు చేసుకుంటుంది. చలికి పెదాలు పగిలితే మన ఇళ్ళలో రాసుకునే గ్లిజరిన్ ఉంది చూడు, అదే. చలి ముదిరేకొద్దీ సార్బిటాల్ అనే ఇంకో పదార్థం కూడా తోడవుతుంది, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపికి వేసేది. ఒంట్లో నీరు సగానికి పైగా మంచు అయిపోతుంది. ఆ మంచు చాలావరకు కణాల బయటే కడుతుంది, లోపల మిగిలిన నీటిలో గ్లిసరాల్ చిక్కబడి కణాన్ని కాపాడుతుంది. అందుకే మైనస్ 40 వచ్చినా తట్టుకుంటుంది.

అదే మొక్క మీద గుండ్రంగా కాకుండా కోలగా, పొడుగ్గా ఉండే బుడిపె దొరికితే అది వేరే పురుగు, మాత్ అనే సీతాకోకచిలుకలాంటి రెక్కల పురుగు పిల్ల. అది మొదటి రకం, ఒంట్లో మంచు ముక్క పుట్టకుండా మైనస్ 38 దాకా ద్రవంగానే నెట్టుకొస్తుంది. అది దాటి గడ్డకడితే మాత్రం ప్రాణం పోతుంది. ఒకే మొక్క, ఒకే చలి, పక్కపక్క ఇళ్ళు, రెండు పద్ధతులు. నా ఉద్యోగం అంతా పురుగుల్ని చంపడం ఎలా అని చెప్పడంతోనే గడిచింది, అవి బతకడానికి ఇంత ఏర్పాటు చేసుకుంటాయని చూస్తుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంకో మాట. ఈ పురుగుకి గడ్డు చలి కంటే వెచ్చటి చలికాలమే ఎక్కువ చేటు. వెచ్చగా ఉంటే ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చయిపోతుంది, చలికాలమంతా ఏమీ తినదు కదా, దాంతో తర్వాత పెట్టే గుడ్లు తగ్గిపోతాయి.

చిన్నిఅమ్మ, టొరంటో:

మాస్టారూ, ఇది చదివి మా పిల్లలు ఒక బుడిపె తెంపుకొచ్చారు. ఇంట్లో జాడీలో పెట్టొచ్చా? ఇంకో ప్రశ్న, పోయిన వారం కాస్త ఎండ కాసి సున్నా దాకా వచ్చిన రోజు, చెట్టు మొదట్లో మంచు మీద నల్ల నువ్వులు జల్లినట్టు ఏవో చుక్కలు కనిపించాయి. మా బాబు వేలు పెడితే ఎగిరాయి. భయపడి ఇంట్లోకి తీసుకొచ్చేశాను. కుడతాయా?

మంచుకాపు, మిన్నెసోటా:

భయం ఏమీ లేదు అక్కా. వాటిని స్నో ఫ్లీస్ అంటారు గానీ ఆ పేరులో ఉన్న ఫ్లీస్‌కూ, అంటే కుక్కల ఒంటి మీద రక్తం పీల్చే ఎగిరే పురుగులకూ, వీటికీ సంబంధం లేదు. కుట్టవు, కరవవు. శాస్త్రం ప్రకారం పురుగులు కూడా కావు, పురుగులకు దగ్గర చుట్టాలు. ఆకుల చెత్తలో కుళ్ళినవీ, బూజూ తిని మట్టి చేస్తాయి. పొట్ట కింద చిన్న కొంకి మడిచి బిగించి ఉంటుంది, దాన్ని ఒక్కసారి వదిలితే ఎగిరి ఎక్కడో పడతాయి. చేతిలోకి కొంచెం మంచు తీసుకుని భూతద్దం పెట్టి చూపించండి బాబుకి, ముదురు నీలం రంగు ఒళ్ళు, బొద్దుగా, పొట్టి మీసాలు, మంచు పలుకుల మధ్య నడుస్తూ కనిపిస్తాయి.

వీటి ఒంట్లో మంచు పలుకులు పెరగనివ్వని ఒక ప్రోటీన్ ఉంది. కెనడాలోనే, మీ అంటారియోలోనే, క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన లారీ గ్రాహమ్, పీటర్ డేవిస్ 2005లో దాన్ని బయటపెట్టారు. మార్పిడి కోసం తీసిన అవయవాల్ని ఇంకా చల్లగా, ఎక్కువసేపు నిలవ ఉంచడానికి అలాంటి ప్రోటీన్ పనికొస్తుందేమో అన్న ఆశ అప్పుడే వచ్చింది. మీ చెట్టు మొదట్లో ఉన్నవి అవే.

బుడిపె ఇంట్లో వద్దు. వెచ్చదనానికి వసంతం వచ్చేసిందనుకుని జనవరిలోనే ఈగ అయిపోతుంది, బయట మొక్క ఉండదు, జత ఉండదు. మూతకు బెజ్జాలు పెట్టిన డబ్బాలో వేసి బాల్కనీలోనో, వేడి పెట్టని గ్యారేజీలోనో ఉంచండి. ఏప్రిల్ చివర నుంచి రోజూ చూస్తుండాలి, ఎందుకంటే ఈగ బయటికొచ్చాక ఏమీ తినదు, పది రోజులకు అటూ ఇటూగా బతుకుతుంది. బయటికి రాగానే గోల్డెన్‌రాడ్ ఉన్నచోట వదిలేయండి. ఈగకు బదులు చిన్న కందిరీగ వచ్చినా ఆశ్చర్యపోకండి. ఆ కందిరీగలు బుడిపెలోకి ముల్లు దింపి లోపలి పురుగు దగ్గర గుడ్డు పెడతాయి. ముల్లు పొడవు చాలదు కాబట్టి పెద్ద బుడిపెల్లోకి అందదు, చిన్నవాటికే గురి. పిట్టలేమో పెద్ద బుడిపెల్ని ఏరుకుంటాయి. మధ్యరకం బుడిపెలో ఉన్నదానికే బతికే అవకాశం ఎక్కువ. పిల్లలకి ఇది చెప్పి రకరకాల సైజులు వెతకమనండి, చిల్లు ఉందా లేదా చూసుకుంటూ నడుస్తారు.

సిర్పూర్_పిలగాడు, ఆసిఫాబాద్ జిల్లా:

అన్నా, మా దిక్కు మైనస్‌లు లేవు గానీ డిసెంబరు, జనవరిల 5, 6 డిగ్రీలకు పడిపోతది, తెలంగాణలో చలి అంటే మాదే. మా పెరట్ల నేను చూసేటివి చెప్తా.

పొద్దుగాల సూర్యుడు పొడవకముందు జొన్న చేను గట్టు మీదికి పోతే ఎండిన పుల్లలకు తేనెటీగల్లాంటివి వరుసగా వేలాడుతుంటయి. పొట్ట మీద నీలి చారలుంటయి. కాళ్ళతో పట్టుకోవు, దవడలతో పుల్లను కరిచి పట్టుకుని నిద్రపోతయి. అన్నీ మగవే, ఆడవి నేలలో బొరియల్లో ఉంటయి. ఒంటి మీద మంచు చుక్కలు పడి ఉంటయి, దగ్గరికి పోయి ఊదినా కదలవు. ఎండ తగిలినంక ముందు మీసాలు తుడుచుకుంటయి, తర్వాత ఎగరకుండనే ఒళ్ళు వణికిస్తయి, రెక్కల కండలు వేడెక్కినంక ఒక్కొక్కటి లేచిపోతది. ఫోటోలు తీయాలంటే చలికాలం పొద్దుగాలే మంచి టైం, ఎండెక్కితే ఒక్కటి ఆగదు.

ఇంకొకటి, ఎండుటాకుల్లో కూసునే గోధుమరంగు పెద్ద సీతాకోకచిలుక. వానాకాలంల పుట్టినవాటికి రెక్క కింద కండ్లలెక్క గుండ్రటి చుక్కలు కొట్టొచ్చినట్టు ఉంటయి. చలికాలంల పుట్టినవాటికి ఆ చుక్కలు ఉన్నయా లేవా అన్నట్టు ఉంటయి, అచ్చం ఎండుటాకే. రెండూ ఒకే జాతి. పచ్చగడ్డి ఉన్నప్పుడు కండ్లు చూపించి పిట్టను మోసం చేస్తది, ఆకులు ఎండినప్పుడు కనిపించకుండ ఉంటది. గొంగళిగా ఉన్నప్పుడు తగిలిన వేడిని, చలిని బట్టి ఏ రకం రెక్కలు రావాల్నో తేలుతది అంట. మా ఇంటెనక ఆకులు ఊడ్చి కాలబెడుతుంటే నేను అందుకే మా అమ్మతోని కొట్లాడుత.

మా బంధువులు చెన్నూరు దిక్కు దసలి పట్టు (టసర్) చేస్తరు. ఆ గూళ్ళు దండలు కట్టి వేలాడదీస్తరు, పురుగు లోపల చలికాలం, ఎండాకాలం అంతా అట్లనే ఉంటది. అక్కడ అమెరికాల గట్లాంటివి ఉన్నయా?

పైరుపచ్చ, న్యూజెర్సీ:

ఉన్నాయి బాబూ, అదే కుటుంబం! ఇక్కడ సెక్రోపియా అనే పెద్ద రెక్కల పురుగు ఉంది. చలికాలంలో ఆకులు రాలిపోయాక మేపుల్, చెర్రీ కొమ్మలకు పొడుగునా అంటుకుని గోధుమరంగు గూడు కనిపిస్తుంది, ఎండిన ఆకు చుట్టుకుపోయిందేమో అనుకుంటాం. లోపల ప్యూపా మంచునంతా భరిస్తుంది. మన దసలి పురుగు నల్లమద్ది ఆకులు తిని, గూడు కట్టుకుని, తొలకరి కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడిది చలి పూర్తయితేనే లేస్తుంది, వారాల తరబడి చలి తగలకపోతే దాని నిద్ర సరిగ్గా వదలదు. చలి దానికి అడ్డంకి కాదు, అవసరం.

లూనా అనే లేతాకుపచ్చ రకం మాత్రం గూడును ఆకులో చుట్టుకుని కింద రాలిపోతుంది. పెరట్లో ఆకులన్నీ సంచుల్లో నింపి రోడ్డు మీద పెట్టేవాళ్ళు వాటిని కూడా నింపేస్తున్నారు.

సరస్సుగాలి, మిషిగన్:

అందరూ బాగా రాశారు, కానీ నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. ఆకులు వదిలేయండి, కాడలు వదిలేయండి అంటున్నారు. మా పక్కింటి బాబుకి టిక్ (రక్తం పీల్చే గోమారి లాంటి పురుగు) కుట్టి, దాని ద్వారా సోకే లైమ్ జబ్బు వచ్చింది. టిక్స్ ఉండేది ఆకుల చెత్తలోనే కదా. పైగా మా ఇంట్లో కిటికీ దగ్గర ఎర్ర గీతలున్న నల్ల పురుగులు, నారింజ రంగు లేడీబగ్స్ గుంపులుగా తిరుగుతున్నాయి, ఇంత చలిలో! ఈ చలికి దోమలు, టిక్స్, మా ఊళ్ళో యాష్ చెట్లన్నీ తినేసిన ఆ పచ్చ పురుగు, అన్నీ చావాలనే నేను కోరుకుంటాను. తప్పా?

రాణి_ఎడ్మంటన్:

తప్పేం లేదండీ, పిల్లల సంగతి వచ్చినప్పుడు ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ చలి మీద అంత ఆశ పెట్టుకోకండి.

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 33 సెంటీగ్రేడ్‌కు పడిపోయింది. యాష్ చెట్లను తినే పురుగు ఇక పోయినట్టే అని చాలామంది సంబరపడ్డారు. అలాంటి చలికి చాలా పురుగులు చస్తాయి, నిజమే, కానీ అన్నీ చావవు. బెరడు కింద దాక్కున్నవాటికి బయటి చలి పూర్తిగా తగలదు. 2002లో మీ డెట్రాయిట్ దగ్గరే మొదట గుర్తించారు దాన్ని, 2009కి మిన్నెసోటా చేరింది, మధ్యలో ఎన్ని చలికాలాలు వచ్చాయో చూడండి. దోమల్లో కొన్ని రకాలు గుడ్లుగా బతుకుతాయి, కొన్నిటిలో ఆడ దోమలు డ్రైనేజీ తూముల్లో, బేస్‌మెంట్లలో గడిపేస్తాయి. టిక్స్ మంచు కింద హాయిగా ఉంటాయి. 20 సెంటీమీటర్ల మంచు పడిందంటే దాని అడుగున నేల దగ్గర సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, పైన మైనస్ 30 ఉన్నా సరే. బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగ రాణి నేలలో కొన్ని సెంటీమీటర్ల లోతులోనే పడుకుంటుంది, దాన్ని కాపాడేదీ ఆ మంచు దుప్పటే.

టిక్స్‌కి మేం చేసేది ఇది. పిల్లలు ఆడేచోట, నడిచే దారి పక్కన, ఇంటి గోడ దగ్గర ఆకులు ఉంచం. అక్కడివన్నీ తీసి పెరటి చివర చెట్ల మొదళ్ళలో పోస్తాం. చెత్తబుట్టలోకి పంపం. చలికాలం మధ్యలో 4 డిగ్రీలు దాటి వెచ్చబడిన రోజున కూడా టిక్స్ తిరుగుతాయి, ఆ రోజు ఆకుల్లోకి వెళ్తే ఇంటికొచ్చాక ఒళ్ళంతా చూసుకోవాలి.

కిటికీ పురుగులు బాక్స్ఎల్డర్ బగ్స్. కుట్టవు, ఇంట్లో పిల్లల్ని పెట్టవు. శరదృతువులో ఎండ తగిలే దక్షిణం గోడ మీద చేరి సందుల్లోంచి దూరి, ఇప్పుడు హీటర్ వేడికి లేచి తిరుగుతున్నాయి. నలపకండి, మరక పడుతుంది. వాక్యూమ్‌తో తీసేసి, సెప్టెంబరులోపు కిటికీ సందులు మూయించండి. లేడీబగ్స్ కూడా అంతే, ముట్టుకుంటే పసుపు రంగు కంపు నీరు వదులుతాయి.

సిర్పూర్_పిలగాడు:

అక్కా, మరి అక్కడ తేనెటీగలు ఎట్ల బతుకుతయి?

రాణి_ఎడ్మంటన్:

నిద్రపోవు తమ్ముడూ. రాణిని మధ్యలో పెట్టుకుని అన్నీ ముద్దగా చేరి, నువ్వు చెప్పినట్టే రెక్కలు ఆడించకుండా కండలు వణికిస్తాయి. ఆ వేడి పుట్టించడానికి తేనె ఖర్చవుతుంది, అందుకే చలికాలానికి ముందు తేనె అంతా పిండేయకూడదు. బయటివైపు ఉన్నవి మెల్లగా లోపలికి, లోపలివి బయటికి మారుతుంటాయి. పిల్లలుంటే ముద్ద మధ్యలో 33, 34 డిగ్రీలు ఉంటుంది. 10 డిగ్రీలు దాటిన రోజు దొరికితే బయటికొచ్చి, చలికాలమంతా ఆపుకున్న మలం మంచు మీద వదిలి వెళ్తాయి. పసుపు చుక్కలు కనిపిస్తాయి.

నూజివీడు_తోట:

మీరంతా పురుగులు బతకాలంటున్నారు, మాకేమో మామిడి పూత మీద తేనెమంచు పురుగు తలనొప్పి. పూత లేనన్నాళ్ళూ కనిపించదు, పూత రాగానే ఎక్కడి నుంచి ఊడిపడుతుందో తెలీదు. మాస్టారూ, మీరు చెప్పండి, అది కూడా చలికి గడ్డకట్టి లేస్తుందా?

పైరుపచ్చ, న్యూజెర్సీ:

గడ్డకట్టదు బాబూ, మన దగ్గర అంత చలి ఎక్కడిది. అది మీ చెట్టు మీదే ఉంటుంది. బెరడు పగుళ్ళలో, గుబురు కొమ్మల నీడలో పెద్ద పురుగుగానే గడుపుతుంది. టార్చి వేసుకుని మొదలు దగ్గర బెరడు సందుల్లో చూడు, దీపపు పురుగంత ఉండి పక్కకు అడ్డంగా నడుస్తాయి. పూమొగ్గ రాగానే లేత కాడల్లో గుడ్లు పెడతాయి, పిల్లలు రసం పీల్చి జిగురు వదులుతాయి, దాని మీద నల్లబూజు పడుతుంది. చలి, మబ్బు కలిసిన రోజుల్లో ఉధృతి ఎక్కువ. కొమ్మలు గుబురుగా లేకుండా లోపలికి ఎండ పడేలా కోత తీసిన తోటలో తక్కువ. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు మందు కొట్టకండి, ఈగలు, తేనెటీగలే కదా కాయ కట్టించేది. ఏ పురుగు చలికాలం ఎక్కడ గడుపుతుందో తెలిస్తే సగం వ్యవసాయం తెలిసినట్టే. పంటను కాపాడుకోవాల్సిందే, నేనేమీ కాదనను.

సరస్సుగాలి, మిషిగన్:

రాణి గారూ, ఆకుల సంగతి అర్థమైంది, ఈ వారాంతం ఇంటి పక్కవి చివరికి చేరుస్తాను. కాడల గురించి ఇంకో చిక్కు. ఇంటి ముందు ఎండు కాడలు ఉంచినందుకు మా కాలనీ వాళ్ళ సంఘం నోటీసు పంపింది, "అపరిశుభ్రంగా ఉంది, వెంటనే తొలగించండి" అని. పోట్లాడే ఓపిక లేదు. మొత్తం కోసేయాల్సిందేనా?

మంచుకాపు, మిన్నెసోటా:

మొత్తం కొయ్యక్కర్లేదు అన్నా. నేల నుంచి 30, 40 సెంటీమీటర్లు వదిలి పైభాగం సమానంగా కత్తిరించండి. గుబురు పోయి శుభ్రంగా కనిపిస్తుంది. కోసిన పైకాడల్ని మాత్రం పారేయకుండా వదులుగా కట్టలు కట్టి, వెనక ఫెన్స్‌కి నిలబెట్టి ఆనించండి. వాటిలో బుడిపెలూ, గూళ్ళూ, గుడ్ల పొట్లాలూ ఉంటాయి, వసంతంలో అక్కడి నుంచే లేస్తాయి. నేల మీద పడుకోబెడితే తడికి బూజు పడుతుంది. మట్టి మీద అంచు రాళ్ళు వరసగా పేర్చి, "తేనెటీగల తోట" అని చిన్న బోర్డు పెట్టినా చూసేవాళ్ళ ధోరణి మారుతుంది, మా వీధిలో అలాగే జరిగింది.

మిగిల్చిన మోడుల్ని వచ్చే ఏడాది కూడా తీయకండి. బోలు కాడల్లో గుడ్లు పెట్టే చిన్న తేనెటీగలు వసంతంలో ఆ కోసిన చివరల నుంచే దూరతాయి, వాటి పిల్లలు మళ్ళీ వచ్చే చలికాలం అంతా ఆ మోడులోనే ఉంటాయి. కొత్త ఆకులు పెరిగి జూన్‌కల్లా మోడుల్ని కప్పేస్తాయి, బయటికి కనిపించవు కూడా.

మా రాష్ట్రంలో 2019 నుంచి పచ్చికను పూలమొక్కలుగా మార్చుకునే ఇళ్ళవాళ్ళకి ప్రభుత్వమే ఖర్చులో కొంత ఇస్తోంది. అదే ఏడాది రస్టీ ప్యాచ్డ్ బంబుల్‌బీని రాష్ట్ర తేనెటీగగా ప్రకటించారు, 2017లోనే అది అంతరించే జాతుల జాబితాలోకి చేరింది. మీ సంఘానికి రాసే ఉత్తరంలో ఇవి రాయండి. మీ మిషిగన్‌లో ఇలాంటి పథకం ఏముందో కౌంటీ వ్యవసాయ విస్తరణ ఆఫీసులో అడిగితే చెబుతారు.

సరస్సుగాలి, మిషిగన్:

చాలా థాంక్స్ అన్నా. వచ్చే శనివారం మైనస్ 5కి వస్తుందంటున్నారు, అప్పుడు కోస్తాను. కట్టలు కట్టేముందు బుడిపెలున్న కాడలు విడిగా తీసి పెట్టాలా, అన్నీ కలిపేయొచ్చా?

రాణి_ఎడ్మంటన్:

కలిపేయండి, తేడా ఏం లేదు. తాడు మాత్రం ప్లాస్టిక్‌ది వద్దు, జనపనారది వాడండి, బిగించి కట్టకండి. చికడీలు వచ్చి పొడుచుకుంటుంటే తరమకండి, వాటి వాటా వాటికి వదిలేయాలి.